అనుమతి లేకుండా వచ్చిన మేలు



ఈసారి మీ ముందు ఒక ప్రశ్న పెడుతున్నాను. ఒక మంచి పనిని పద్ధతిగా, అనుమతితో, ఎవరికీ హాని కలగకుండా చెయ్యాలని కొందరు ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. ఈలోగా అదే పని ఎవరి అనుమతీ లేకుండా దానంతటదే జరిగిపోయింది. మరి వాళ్లు పట్టిన ఓపిక వృథా అయినట్టేనా?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. 2014లో మేరీలాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్‌లో నిజంగా ఎదురైన ప్రశ్న. దానికి కారణం ఆవగింజంత నల్లటి కందిరీగ.

కందిరీగ కంటే ముందు ఒక పురుగు గురించి చెప్పాలి. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మేరీలాండ్, వర్జీనియాలలో ఉండేవారికి దాన్ని పరిచయం చెయ్యనక్కరలేదు. అక్టోబరులో చలి మొదలవగానే కిటికీ తెరల మడతల్లో, అటక మీద, దీపాల చుట్టూ కనిపించే డాలు ఆకారపు గోధుమరంగు పురుగు అది. నలిపితే ఇల్లంతా కంపు. ఇక్కడ స్టింక్ బగ్ అంటారు. మన ఊళ్లలో వరి పాలు పోసుకునే వేళ వచ్చే కంపునల్లికి దూరపు చుట్టం. దాని సొంత ఊరు చైనా, జపాన్, కొరియా, తైవాన్ ప్రాంతం.

పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో ఈ పురుగు 1990ల మధ్య నుంచే తిరుగుతోంది. కానీ అది ఫలానా అని తేలింది 2001లో. కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసిన రిచర్డ్ హోబెక్ అనే కీటక శాస్త్రవేత్త దాన్ని గుర్తించారు. అంతవరకూ చూసినవాళ్లకు అది ఇక్కడి పురుగుల్లోనే ఒకటి. దాన్ని పోలిన గోధుమరంగు జాతులు అమెరికాలో ముందునుంచీ ఉన్నాయి మరి. పేరు తెలియని ఆ కొన్నేళ్లూ అది హాయిగా విస్తరించింది. 2010లో మధ్య అట్లాంటిక్ రాష్ట్రాల ఆపిల్ రైతులకు అది తెచ్చిన నష్టం 3 కోట్ల 70 లక్షల డాలర్లని లెక్కగట్టారు. పీచ్, మొక్కజొన్న, సోయా, టమాటా, మిరప దేన్నీ అది వదల్లేదు.

సొంత దేశంలో ఇంత చెలరేగని పురుగు ఇక్కడ ఎందుకు చెలరేగింది? సముద్రం దాటినప్పుడు తన శత్రువును అక్కడే వదిలి వచ్చింది గనుక. ఆ శత్రువే మనం చెప్పుకుంటున్న కందిరీగ. దాని శాస్త్రీయ నామం ట్రిసోల్కస్ జపోనికస్, వాడుకలో సమురాయ్ కందిరీగ. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అది మనుషులను కుట్టదు. స్టింక్ బగ్ ఆకు అడుగున ఒక్కో గుంపుగా సుమారు 28 గుడ్లు పెడుతుంది. తల్లి కందిరీగ ఆ గుంపును వెతికి పట్టుకుని, ఒక్కో గుడ్డులో తన గుడ్డు ఒకటి పెడుతుంది. లోపల పుట్టిన పిల్ల ఆ గుడ్డులోని సారం తిని పెరుగుతుంది. చివరికి ఆ పెంకులోంచి బయటికి వచ్చేది స్టింక్ బగ్ కాదు, కందిరీగ. మన దగ్గర చెరకు, వరి రైతులు ఆకులకు గుచ్చే ట్రైకోగ్రామా కార్డులు మీలో కొందరు చూసే ఉంటారు. ఆ కార్డుల్లో ఉండేది కూడా ఇలాంటి గుడ్డు బదనికే.

అయితే తెచ్చి వదిలేస్తే సరిపోదా? అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఆ పని చెయ్యలేదు. ఆసియా నుంచి తెచ్చిన కందిరీగలను 2007 నుంచి బయటికి పోకుండా మూసి ఉంచిన క్వారంటైన్ ల్యాబుల్లో పెంచి పరీక్షిస్తూ వచ్చారు. ఈ పనిలో ముఖ్యమైన కేంద్రం డెలావేర్‌లోని న్యూఆర్క్‌లో ఉంది. వాళ్లు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ కందిరీగ ఇక్కడి నిర్దోషుల గుడ్లను కూడా పాడుచేస్తుందా? స్టింక్ బగ్ జాతుల్లో పంటను తినేవే కాదు, పంటను తినే గొంగళిపురుగులను వేటాడి రైతుకు మేలు చేసేవీ ఉన్నాయి. స్పైన్డ్ సోల్జర్ బగ్ అలాంటిదే. ల్యాబులో వేరే దారి లేనప్పుడు సమురాయ్ కందిరీగ కొన్ని స్థానిక జాతుల గుడ్లలోనూ పెరిగింది. ఇష్టపడేది మాత్రం తన పాత శత్రువునే. "ఎంత వరకు హాని?" అన్నది ఒక్క రోజులో తేలే విషయం కాదు.

వాళ్లు అంత జంకడానికి కారణం ఉంది. 1906లో జిప్సీ మాత్ అనే చిమ్మటను అణచడానికి న్యూ ఇంగ్లండ్‌లో కాంప్సిల్యూరా అనే ఒక పరాన్నజీవి ఈగను యూరప్ నుంచి తెచ్చి వదిలారు. అది ఒక్క చిమ్మటతో ఆగలేదు. 150కి పైగా ఇతర జాతుల మీద పడింది. అరచేయంత రెక్కలతో అందంగా ఉండే సెక్రోపియా లాంటి పట్టు చిమ్మటలు తగ్గిపోవడంలో దాని పాత్ర ఉందని మసాచుసెట్స్‌లోని పరిశోధకులు 2000లో చూపించారు. దాన్ని వదిలినవారి ఉద్దేశం మంచిదే. కానీ ఒకసారి వదిలిన జీవిని వెనక్కి పిలవలేం.

మా ఐటీ వాళ్లకు ఇది బాగా అర్థమయ్యే విషయం. కొత్త కోడ్‌ను ముందు టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి, అన్నీ సరిచూసుకున్నాకే ప్రొడక్షన్‌కు పంపుతాం. అక్కడ ఏదైనా తేడా వస్తే పాత వెర్షన్‌కు వెనక్కి మళ్లుతాం. అడవిలోకి వదిలిన కందిరీగకు ఆ సౌకర్యం లేదు. అందుకే క్వారంటైన్ అంత నెమ్మదిగా నడుస్తుంది.

ఇక 2014కి వద్దాం. బెల్ట్స్‌విల్ దగ్గర కొందరు పరిశోధకులు ఒక సర్వే చేస్తున్నారు. స్టింక్ బగ్ గుడ్ల గుంపులను ఆకుల మీద ఎరగా పెట్టి, ఇక్కడి స్థానిక కందిరీగలు వాటిలో ఎన్నిటిని పట్టుకుంటున్నాయో చూడడం ఆ సర్వే ఉద్దేశం. అడవి చెట్ల మీద పెట్టిన కొన్ని గుంపుల్లోంచి వాళ్లు ఎదురుచూడని కందిరీగ వచ్చింది. మొత్తం ఏడు గుంపుల్లో దాని జాడ దొరికింది, ఆరింటిలో ప్రాణంతో బయటికి వచ్చింది. దగ్గరలోని సోయా పొలంలో, వదిలేసిన ఆపిల్ తోటలో పెట్టిన గుంపుల్లో అది లేదు. ల్యాబు తలుపుల వెనక ఏడేళ్లుగా ఎవరినైతే పరీక్షిస్తున్నారో, ఆ సమురాయ్ కందిరీగే బయట స్వేచ్ఛగా తిరుగుతోంది.

"అదే" అని ఎలా చెప్పగలిగారు? ఇక్కడ నన్ను ఆకట్టుకున్న సంగతి ఉంది. ట్రిసోల్కస్ జాతులు ఒకదాన్నొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. తల మీద, వీపు మీద ఉండే సన్నని గీతలు, గాళ్లు మైక్రోస్కోపు కింద చూసి తేడా పట్టాలి. దీని పేరు వెనక కూడా ఒక చిక్కు ఉంది. ఆష్‌మీడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1904లోనే దీన్ని వర్ణించారు. ఆ తరవాత 2009లో చైనాలో ఇదే కందిరీగకు కొత్త జాతిగా ట్రిసోల్కస్ హాల్యోమార్ఫే అని ఇంకో పేరు పెట్టారు. ఈ రెండు పేర్లూ ఒకే జీవివని ఎలైజా టాలమస్, ఆయన సహచరులు 2013లో తేల్చారు. అంటే బెల్ట్స్‌విల్‌లో కందిరీగ దొరకడానికి ఒక్క ఏడాది ముందు దాని పేరు చిక్కుముడి విడింది. ఆ పని ఎవరూ చెయ్యకపోయి ఉంటే, దొరికిన కందిరీగ కూడా ఆలెన్‌టౌన్ పురుగులాగే ఏళ్ల తరబడి "ఇక్కడిదే ఏదో" అన్న లెక్కలో మిగిలిపోయేదేమో.

పేరు తెలిశాక అడగాల్సిన మొదటి ప్రశ్న చాలా ఇబ్బందికరమైనది: ఇది మన ల్యాబు నుంచే తప్పించుకుందా?

ఒక్క క్షణం ఆ స్థానంలో ఉండి ఆలోచించండి. బెల్ట్స్‌విల్ అంటేనే వ్యవసాయ శాఖ పరిశోధనా కేంద్రానికి పేరుపొందిన ఊరు. కందిరీగను పెంచుతున్నదీ ఆ శాఖవారే. చూసినవారెవరికైనా ముందు వచ్చే అనుమానం ఇదే. దాన్ని దాచాలనుకునే మనిషికి దారులు లేకపోలేదు. కానీ వాళ్లు అడవిలో దొరికిన కందిరీగల డీఎన్ఏను క్వారంటైన్‌లో పెంచుతున్న వాటి డీఎన్ఏతో పోల్చి చూశారు. రెండూ కలవలేదు. అది తప్పించుకున్నది కాదు, విడిగా వచ్చింది. ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. పొరపాటున చేరి ఉంటుందనే భావించారు. మరుసటి ఏడాది పడమటి తీరాన వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ పట్టణంలో కూడా ఇదే జాతి దొరికింది. ఆ గుంపు బెల్ట్స్‌విల్ గుంపు కంటే జన్యుపరంగా వేరు. ఒకసారి కాదు, విడివిడిగా కనీసం రెండుసార్లు వచ్చిందన్నమాట.

కొండమీది ప్రసంగంలో ప్రభువు దూలము, నలుసు ఉపమానం చెప్పారు. ఎదుటివాడి కంటికంటే ముందు మన కన్ను చూసుకోమన్నారు. ఆ మాటను మనం ఇంట్లో తగవుల దగ్గరే వాడుకుంటాం. ఒక శాస్త్రవేత్తల బృందం తమ ఫలితాన్ని లోకానికి చెప్పే ముందు తమ ఇంటినే తనిఖీ చేసుకోవడం ఆ ఉపదేశానికి నడిచే అర్థంలా నాకు కనిపించింది. ఆ తనిఖీ సాధ్యమైంది కూడా ఏడేళ్లుగా ఏ కందిరీగ ఎక్కడి నుంచి వచ్చిందో జాగ్రత్తగా రాసి పెట్టుకున్నారు గనుకే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వాళ్ల ఓపిక వృథాయేనా?

దీనికి రెండు సులువైన జవాబులున్నాయి. మొదటిది లోకం చెప్పేది: "చూశారా, రూల్స్ పట్టుకుని కూర్చుంటే ఏమైంది? అది దానంతటదే వచ్చేసింది. మొదటి రోజే వదిలి ఉంటే రైతులు ఎప్పుడో బాగుపడేవారు." రెండోది మన నోట వినిపించే భక్తి జవాబు: "మనుషులు అనుమతి ఇవ్వకపోతేనేం, దేవుడే పంపాడు. ఆయన చిత్తం ముందు ఈ పరీక్షలెందుకు?"

రెండు జవాబులూ ఒకే చోట తప్పుతున్నాయి. రెండూ ఫలితాన్ని చూసి దారిని కొలుస్తున్నాయి. మేలు వస్తుందంటే తప్పు చేసినా ఫరవాలేదన్న వాదన పౌలు కాలంలోనూ ఉంది. రోమా పత్రిక మూడో అధ్యాయంలో ఆయన దాన్ని గట్టిగా తోసిపుచ్చాడు. ఆదికాండము చివర యోసేపు కూడా తన కథలో దేవుని చెయ్యిని చూశాడు. అన్నలు తలపెట్టిన కీడును దేవుడు మేలుకు మళ్లించాడని ఒప్పుకున్నాడు. అంతమాత్రాన నన్ను అమ్మి మంచి పని చేశారని వాళ్లను మెచ్చుకోలేదు. దేవుడు దేన్నయినా మేలుకు వాడుకోగలడన్నది ఆయన గొప్పతనం. దాన్ని మన అజాగ్రత్తకు లైసెన్సుగా వాడుకోకూడదు.

పైగా ఈ కందిరీగ వచ్చింది గనుక అంతా మేలే అని కూడా అనలేం. అది వచ్చిన దారినే స్టింక్ బగ్ కూడా వచ్చింది. ఎవరూ చూడకుండా, ఎవరూ అడగకుండా, మనిషి సరుకులతో పాటు. ఒకే తలుపులోంచి శాపమూ వచ్చింది, దానికి మందూ వచ్చింది. ఆ తలుపు తెరిచి ఉండడమే మంచిదని మందును చూసి ఎవరైనా అంటే, ముందు లోపలికి వచ్చింది ఏమిటో వాళ్లు మరిచిపోయినట్టు.

ఇక్కడ మన మనసుల్లో ఉన్న ఒక నొప్పిని కూడా ముట్టుకోవాలి. మన ఫెలోషిప్‌లలో గ్రీన్ కార్డు కోసం పదేళ్లుగా ఎదురుచూస్తున్న కుటుంబాలు ఎన్నో. ప్రతి కాగితం సమయానికి ఇచ్చి, తల్లిదండ్రుల అంత్యక్రియలకు కూడా వెళ్లలేక ఆగిపోయినవారున్నారు. మనుషులను నేను పురుగులతో పోల్చడం లేదు. కందిరీగకు పాపపుణ్యాలు లేవు, హద్దు దాటివచ్చే ప్రతి మనిషి వెనక మనకు తెలియని కథ ఉంటుంది. నేను మాట్లాడుతున్నది వేచి ఉన్నవారి మనసు గురించి. "నేను ఇన్నాళ్లు పద్ధతిగా ఉన్నాను, నాకేం ఒరిగింది?" అన్న ప్రశ్న లూకా సువార్త 15వ అధ్యాయంలో పెద్ద కొడుకుది. అతడి కష్టం నిజం. విధేయత కూడా నిజమే. తండ్రి దాన్ని కాదనలేదు. కానీ విధేయతను అతడు ఒక బిల్లులా లెక్కగట్టాడు. తమ్ముడికి దొరికింది చూడగానే తన ఇన్నేళ్ల బతుకూ వృథా అనిపించింది.

ఆ శాస్త్రవేత్తలు పెద్ద కొడుకులా పొలంలోనే నిలబడిపోయి ఉండవచ్చు. "మా పని దండగ" అని ఫైలు మూసేసి ఉండవచ్చు. వాళ్లు చేసింది వేరు. తాము నేర్చుకున్నదంతా తీసుకుని, వచ్చినదాన్ని అర్థం చేసుకోవడానికి వాడారు. ఏడేళ్ల పరీక్షల వల్లే అది ఏమిటో తెలిసింది, ఎక్కడిది కాదో తెలిసింది, ఎవరికి హాని చేసే అవకాశం ఉందో, ఇకముందు దేనిమీద కన్నువేసి ఉంచాలో తెలిసింది. దొరికిన రాష్ట్రాల్లో పరిశోధకులు దాన్ని పెంచి తోటల దగ్గర వదలసాగారు. రాష్ట్ర సరిహద్దు దాటించాలంటే మాత్రం ఫెడరల్ అనుమతి కావాల్సిందే. స్టింక్ బగ్ ఇంకా స్థిరపడని న్యూజీలాండ్, అది వస్తే ఈ కందిరీగను వదలడానికి 2018లోనే షరతులతో ముందస్తు అనుమతి ఇచ్చుకుంది. ఎక్కడో ఒకరు ఓపిగ్గా చేసిన పని, వాళ్లు ఎన్నడూ చూడని రైతుకు ఆసరా అవుతుంది.

అందుకే నా జవాబు ఇది: ఓపిక విలువ మనం ముందుగా గమ్యం చేరామా అన్నదానిలో లేదు. మనం పొరుగువాణ్ణి పణంగా పెట్టలేదు అన్నదానిలో ఉంది. ఏది వచ్చినా దాన్ని నిజమైన పేరుతో పిలవగలిగేలా అది మనల్ని తయారుచేసింది అన్నదానిలో కూడా ఉంది. ఏదెను తోటలో దేవుడు జీవులను ఆదాము దగ్గరకు తెచ్చి పేర్లు పెట్టనిచ్చాడు. చూసి, తెలుసుకుని, సరైన పేరు పెట్టడం మనిషికి అప్పగించిన తొలి పనుల్లో ఒకటి. ఆ పని ఇంకా అయిపోలేదు.

ఈ ప్రశ్న మన సూట్‌కేసులో కూడా ఉంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు కొమ్మ, పెరటి మొక్క విత్తనాలు, పూజకో పచ్చడికో దాచిన నాలుగు ఆకులు. "ఒక్క కొమ్మకు ఏమవుతుంది?" అంటాం. పచ్చి కరివేపాకును ప్రయాణికుల సామానులో తేవడానికి ఇక్కడ అనుమతి లేదు. కారణం మన వంట మీద చిన్నచూపు కాదు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు, ఆసియన్ సిట్రస్ సిల్లిడ్, కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో కనిపించింది, తెగులు 2005లో. 2003-04 సీజన్‌లో 24 కోట్ల పెట్టెలు దాటిన ఫ్లోరిడా నారింజ దిగుబడి 2023-24లో 2 కోట్ల లోపుకు పడిపోయింది. తుఫానులు కూడా కలిశాయి గాని, తెగులే పెద్ద దెబ్బ. ఆ పురుగు మీద వదలడానికి కూడా టమారిక్సియా అనే ఒక బుల్లి కందిరీగను వెతకాల్సి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖవారు పాకిస్తాన్‌లోని పంజాబ్ నుంచి దాన్ని తెచ్చి, క్వారంటైన్‌లో పరీక్షించి, 2011లో వదలడం మొదలుపెట్టారు.

ఏ ప్రయాణికుడి కొమ్మ వల్ల ఏ తోట పోయిందో ఎవరూ చూపించలేరు. సరిగ్గా అందుకే ఇది మనస్సాక్షికి సంబంధించిన సంగతి. పట్టుబడే అవకాశం లేని చోట, మన వల్ల నష్టపోయేవాడి ముఖం ఎన్నటికీ చూడని చోట, పొరుగువాణ్ణి ప్రేమించడం అంటే ఏమిటి? కస్టమ్స్ ఫారంలో "మొక్కలు, విత్తనాలు, ఆహారం" అన్న గడి దగ్గర ఉన్నదున్నట్టు చెప్పడం కూడా అందులో ఒక భాగమే. ఆదివారం పాటకు ఎత్తే చేతులే ఆ ఫారం మీద సంతకం పెడతాయి.

మీ కేర్ సెల్ కూడికల్లో ఈ రెండు ప్రశ్నలు మాట్లాడుకోండి. నేను పద్ధతిగా వేచి ఉన్న విషయం ఇంకొకరికి వేచి ఉండకుండానే దొరికితే, నా ఓపిక నా దృష్టిలో విలువ కోల్పోతుందా? ఎవరూ చూడని చోట నేను తీసుకునే జాగ్రత్త ఎవరి కోసం?

సమురాయ్ కందిరీగ కథ ఇంకా ముగియలేదు. అది సోల్జర్ బగ్ లాంటి మేలుచేసే జాతులకు బయట పొలాల్లో ఎంత హాని చేస్తుందో ఇప్పటికీ గమనిస్తూనే ఉండాలి. మేలు వచ్చిందని కాపలా మానలేదు వాళ్లు. వచ్చినదానికి కృతజ్ఞతతో ఉంటూనే మెలకువగా ఉండే మనసును ప్రభువు మనకు కూడా దయచేయును గాక. ఆమేన్.